బిరేకు మీద కాలు

గడీ కాపలాదారు గాలయ్య వచ్చి వడ్రంగి పాక ముందు నిలబడేసరికి వడ్ల బక్కయ్య బండి చక్రానికి ఆకు చెక్కుతున్నాడు. బాడిసె దెబ్బకు తుమ్మ పొట్టు ఎగిరి గాలయ్య పాదాల మీద పడుతోంది. గాలయ్య దులుపుకోలేదు. మోసుకొచ్చిన మాట ఎట్లా దించాలో తెలియక కాసేపు ఆ పొట్టు వైపే చూశాడు.

"దొర రమ్మంటాండు," అన్నాడు చివరికి. "మోటరు గిర్రలు మార్చాల్నట."

"డ్రైవరేడి?"

"పట్నంలనే ఆగిండు. గీ దిక్కు రానంటె రానన్నడట. పానం తీపి గద."

బక్కయ్య బాడిసె పక్కన పెట్టాడు. దొర రఘుపతిరావు మిలిట్రీ లారీల వెనకాలే ఊళ్ళోకి తిరిగివచ్చి వారమైనా కాలేదు. సంఘం లేచినప్పుడు ఏ కారులో పట్నం పారిపోయాడో ఆ కారులోనే వచ్చాడు. ఈ వారంలో గడీ నుంచి ఎవరికీ కబురు రాలేదు. వస్తే మొదట ఎవరికి వస్తుంది, వెళ్ళినవాడు ఏం చేస్తాడు అని ఊరంతా లోపల్లోపల దడదడలాడుతోంది. ఆ మొదటి కబురు బక్కయ్య గుమ్మానికే వచ్చింది.

పనికి భయపడే మనిషి కాదతను. భయమంతా ఒక్క మాటకు. గడీలో అడుగుపెట్టినవాడు నోరు తెరిస్తే ముందు "నీ బాంచెన్ దొరా" రావాలి, ఆ తర్వాతే తక్కిన సంగతి. నీళ్ళు తెచ్చానన్నా, బిడ్డ చచ్చిపోయిందన్నా ముందు నీ బానిసనని చెప్పుకోవాల్సిందే. సంఘం రోజుల్లో ఊరు ఊరంతా చావడి ముందు చేరి, మట్టి ముట్టి, ఇక ఆ మాట అననని ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచి వెట్టి లేదు. ఇప్పుడు సంఘపోళ్ళు అడవి పట్టారు, చావడి తలుపు ఊడింది, ఒట్టు మాత్రం మిగిలింది. బక్కయ్య గడీలో ఆ మాట అన్నాడంటే మర్నాడు సాకలి వాళ్ళకూ, మాదిగ వాళ్ళకూ, కుమ్మరికీ కబురు వస్తుంది. అనకపోతే సూర్యాపేట మిలిట్రీ క్యాంపు ఉంది. పక్క ఊళ్ళో దొర వేలు చూపించినవాళ్ళను లారీ ఎక్కించుకుపోయారు, ఒక్కడూ తిరిగి రాలేదు.

లోపలినుంచి భార్య గుర్వమ్మ చేట పట్టుకొనే బయటికి వచ్చింది. అంతా విన్నది.

"పో," అంది. "పోకుంటె ఇంటికొస్తరు. పని చెయ్. గా మాట మాత్రం అనకు."

"అనకుంట ఎట్ల మాట్లాడాలె?"

"మాట్లాడకు. ఇంట్ల నాతోని మాట్లాడుతున్నవా? గట్లనే ఉండు."

గాలయ్యకు నవ్వు వచ్చింది. గుర్వమ్మ చూపు పడగానే దగ్గుగా మార్చుకున్నాడు.

గడీ వాకిట్లో కారు నిలబడి ఉంది. ఇద్దరే పట్టే ఎర్రని కారు, నెత్తిన కప్పు లేదు. పందేలకు చేసిన బండి అని దొర చెబుతాడు. ఊరి జనం దాన్ని ఎర్ర మిడత అంటారు. చక్రాలు సైకిలు చక్రాల్లాగా సన్నని ఉక్కు పుల్లలతో ఉన్నాయి. ఒక్కో చక్రం నడిమిట్లో రెండు చెవుల పెద్ద నట్టు ఒకటి. అది విప్పితే చక్రం మొత్తం చేతికి వస్తుంది. ఐదోది వెనక వీపుకు కట్టి ఉంది.

బక్కయ్య చెప్పులు గేటు బయట విడిచి లోపలికి నడిచాడు. నోరు మూసుకొని చేతులు జోడించాడు. జోడించిన చేతులకు ఒట్టు లేదు కదా.

దొర మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, పట్నంలో కాస్త ఒళ్ళు చేశాడు. బక్కయ్య నోటి నుంచి ఏదో వస్తుందని చూశాడు, రాలేదు. ముఖం ముడిచాడు. కారు దగ్గరికి వచ్చి ముందు వలపట, అంటే కుడివైపు చక్రాన్ని చెప్పు మొనతో తట్టాడు.

"చూసినవా, టైరు అరిగి దారం తేలింది. రోడ్లన్ని తవ్వి గుంతలు చేసిండ్రు గద మీ సంఘపోళ్ళు. గా పెద్ద యుద్ధం పాడుగాను, అది ఒడిసినా కొత్త టైరు బొంబాయిల గుడ దొరకదు. ఐదు గిర్రలు ఒక్క సైజే. జాగలు మారుస్తె అరుగుడు సమమైతది. వీపు మీదిది వెనక వలపటకు దించు. అక్కడిది ముందు దాపటకు రావాలె. గా ముందుది సక్కగ వెనకకు, వెనక దాపటది ముందు వలపటకు. ఇగ గీ అరిగినదాన్ని వీపుకెక్కియ్యి."

కారు విషయంలో దొర మాటలో తేడా ఉండదు. దాని ఎముకా కీలూ అన్నీ అతనికి తెలుసు. చేయి మాత్రం పెట్టడు.

బక్కయ్య చక్రాల చుట్టూ ఒకసారి తిరిగాడు. అతనికి మనసొప్పలేదు. ఎడమవైపు దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే కాడి కింద పడేసి పోతుంది. అన్నేళ్ళు ఒక పక్కన తిరిగిన చక్రం మాత్రం రెండో పక్కకు ఎట్లా ఒప్పుకుంటుంది? అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగాలంటే ఆ మాటతో మొదలుపెట్టాలి. దాపట చక్రాన్నీ వలపట చక్రాన్నీ చూపించి, రెండు చేతులూ అటూ ఇటూ మార్చి, తల అడ్డంగా ఊపాడు.

దొర అర్థం చేసుకుని పెద్దగా నవ్వాడు. "ఎద్దనుకుంటున్నవారా? గిది గిర్ర. దీనికి దాపట లేదు వలపట లేదు. ఏడ పెట్టినా తిరుగుతది."

వెనక వలపట చక్రంతో పని మొదలైంది. నట్టు చెవుల మీద ఇనుప సుత్తె పడితే మెరుగు లేచిపోతుందని బక్కయ్య తన కొయ్య సుత్తె తెచ్చుకున్నాడు. చక్రం నేల మీద ఉండగానే కొట్టి వదులు చేయాలి. తర్వాత జాకీ పెట్టి ఎత్తాలి, చక్రం గాల్లో ఉండగా మళ్ళీ బిగించాలి. అట్లా అయితేనే చక్రం కుదురుగా కూర్చుంటుందని దొర చెప్పాడు. బండి ముందుకు పోయే దిక్కు కొడితే నట్టు వదులవుతుంది, వెనక దిక్కు కొడితే బిగుస్తుంది. కారు గేర్లో ఉంది కాబట్టి గాల్లో ఉన్నా వెనక చక్రం తిరగలేదు. వీపు మీది చక్రం వచ్చి కూర్చుంది. బక్కయ్యకు చేతులు తేలికయ్యాయి. పని కుదిరితే అతను అన్నీ మరిచిపోతాడు, భయం కూడా.

మరిచిపోబట్టే తప్పు చేశాడు. వెనకనుంచి తీసిన చక్రాన్ని ముందు దాపటకు మోసుకుపోతూ దాని నట్టునూ వెంట తీసుకుపోయాడు. ఎడ్లబండిలో చక్రం ఊడకుండా చేసిన చీల ఆ చక్రంతోనే తిరుగుతుంది, చీల మార్చడం వడ్లవాడికి అపచారం. చక్రం ఎక్కించి నట్టు పెట్టి తిప్పాడు. పట్టలేదు. గట్టిగా తిప్పబోయాడు.

"ఆగురా ఆగు!" అంటూ దొర మెట్లు దిగి ఉరికొచ్చాడు. "మరలు పోతయ్! గిర్ర మారుతది గని నట్టు మారదు. దాపట నట్లకు మర ఒక తీరు, వలపట వాటికి ఇంకో తీరు. తిరుగుడు మీద అవే బిగుసుకోవాల్నని గట్ల చేసిండ్రు. నట్టు ఏ దిక్కుది గా దిక్కే ఉండాలె."

బక్కయ్య నట్టును అరచేతిలో తిప్పి చూశాడు. మరల వాలు నిజంగానే వేరుగా ఉంది. ఇంత అందమైన పని ఎవరు చేశారో అని ముచ్చటేసింది. దాపట నట్టు తెచ్చి పెట్టి రెండు చుట్లు తిప్పేసరికి ఉత్తరం మబ్బు కమ్మింది. దొర పైకి చూసి, కారుకు తాడిపత్రి పట్టా కప్పించి, రేపు రమ్మన్నాడు.

బక్కయ్య గేటు దాటుతుంటే దొర వెనకనుంచి పిలిచాడు. "బక్కిగా. ఇయ్యాల నీ నోరు ఏడ పెట్టి వచ్చినవ్?"

బక్కయ్య గొంతు పట్టుకుని చూపించి, దగ్గి, వెళ్ళిపోయాడు. దారి పొడుగునా తన దగ్గు తనకే సిగ్గనిపించింది.

"గొంతు నొప్పని చెప్పినవా?" అంది గుర్వమ్మ జొన్నరొట్టె పెడుతూ. "మంచిగనే ఉంది. రేపు ఏం నొప్పి?"

అతనికి నవ్వు రాలేదు.

మర్నాడు వాన వెలిసింది. వాకిలి మెత్తబడింది. గడీ గేటు ముందు ఊరివాళ్ళు నలుగురైదుగురు ఏదో పని ఉన్నట్టు నిలబడ్డారు. సాకలి నర్సింగమ్మ నెత్తిన మూట దించకుండానే గోడకు ఆనుకుంది. ఆ దారి చెరువుకు పోదు, చాకిరేవుకూ పోదు. అందరూ ఎందుకు నిలబడ్డారో అందరికీ తెలుసు, దొరకూ తెలుసు. తరమలేదు, వాళ్ళు వినాలనే అతనికీ ఉంది.

ముందు దాపట చక్రం గాల్లోకి లేచింది. బక్కయ్య నట్టు చెవి మీద సుత్తెతో ఒకటి వేశాడు. చక్రం గిర్రున తిరిగింది, నట్టు బిగియలేదు. ముందు చక్రాన్ని గేరు పట్టదు.

"బిరేకు తొక్కాలె," అన్నాడు దొర. "ఎవరన్న లోపల కూసోని తొక్కి పట్టుకుంటెనే బిగుస్తది."

గాలయ్య కాళ్ళు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. దొర అతని పంచె చూశాడు, బురద పాదాలు చూశాడు, సీటు మీది ఎర్ర తోలు చూశాడు. అతని సీట్లో గాలయ్య కూర్చోవడం ఎట్లా కుదురుతుంది? కాసేపు తటపటాయించి, తలుపు తీసి తానే ఎక్కాడు. ఆ ఇరుకులో ఒళ్ళు ఇమడక కాళ్ళు అటూ ఇటూ జరుపుకున్నాడు. మోకాలు తగిలి కారు గేరు తప్పింది. ఆ సంగతి అతను చూసుకోలేదు. చేతి బ్రేకు తీగ ఎప్పుడో సాగిపోయింది, ఉన్నా లేనట్టే.

"ఎప్పుడు తొక్కాలె, ఎప్పుడు ఇడువాలె నువ్వే చెప్పాలె. నాకు గిర్ర కనపడదు," అన్నాడు. తర్వాత గేటు వైపు ఒకసారి చూసి, గొంతు పెంచాడు. "ఎట్ల చెప్పాల్నో ఎరికేనా? నీ బాంచెన్ దొరా, తొక్కుండ్రి. నీ బాంచెన్ దొరా, ఇడువుండ్రి. గట్ల."

గేటు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. ఇప్పుడు బక్కయ్య దగ్గి తప్పించుకునే చోటు లేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఎడమ కాలు టైరు కిందికి చాపి, ఎడమ చేత్తో పుల్లలు పట్టుకున్నాడు. కుడి చేత్తో సుత్తె ఎత్తి కారు రేకు మీద టకటకా రెండు సార్లు తట్టాడు, అర్థం చేసుకొమ్మన్నట్టు.

"నోటితోని," అన్నాడు దొర.

బక్కయ్య నోరు తెరిచాడు. ఏమనబోయాడో అతనికే తెలియదు. అంటాడేమో అని నర్సింగమ్మ కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే వెనక చక్రానికి ఆనించిన రాయి తడి మట్టిలో జారింది. వాకిలి గేటు వైపు వాలు. కారు చీమంత కదిలింది, జాకీ వంగింది, టైరు బక్కయ్య కాలి మీదికి వచ్చింది.

"తొక్కు!"

బక్కయ్య కేక గడీ గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. దొర రెండు కాళ్ళతో తొక్కాడు. కారు ఆగింది. జాకీ వాలుగా, పడీపడనట్టుగా నిలిచింది.

బక్కయ్య మెల్లగా కాలు లాక్కున్నాడు. చర్మం లేచింది, ఎముకకు ఏమీ కాలేదు. లేచి కారు వెనక్కి నడిచి, రాయి మళ్ళీ సరిగా పెట్టాడు. అది చాలదనిపించి గోడ పక్కనుంచి ఇంకోటి దొర్లించుకొచ్చి ముందు వైపు వేశాడు. తొందరపడలేదు. పని దగ్గర తొందర అతనికి చేతకాదు. జాకీ కింద చెక్క పరిచి నిలువుగా లేపాడు. అంతసేపూ దొర బ్రేకు మీద కాళ్ళు బిగించుకుని, స్టీరింగు పట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. చెమట కారి మీసం మీదికి వచ్చింది. కాలు తీస్తే కారు జాకీ మీదినుంచి దూకి, బిగియని చక్రం ఊడి, ఇరుసు నేలకు కొడుతుంది, తన కారే విరుగుతుంది. అది ఆ వాకిట్లో అందరికంటే అతనికే బాగా తెలుసు.

"తియ్యాల్నా?" అని అడిగాడు దొర. గొంతు చిన్నగా వచ్చింది.

"ఉండుండ్రి జర," అన్నాడు బక్కయ్య.

నట్టు చెవి మీద సుత్తె వేశాడు. ఒకటి ఈ చెవి మీద, ఒకటి ఆ చెవి మీద. చక్రం తిరగలేదు, నట్టు బిగుస్తూ పోయింది. ఇక కదలదనుకున్నాక చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఇగ తియ్యుండ్రి," అన్నాడు.

దొర కాళ్ళు తీశాడు.

మిగిలిన రెండు చక్రాలూ అట్లాగే అయ్యాయి. వెనకదానికి దొర గేరు సరిచేసి ఊరుకున్నాడు, ముందు వలపటదానికి మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. తొక్కుండ్రి, ఉండుండ్రి, తియ్యుండ్రి. బక్కయ్య చెప్పినట్టల్లా దొర కాలు ఆడింది. అరిగిన చక్రం వీపుకెక్కింది.

దొర దిగాడు. నేరుగా బక్కయ్య ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"ఇందాక ఏమన్నవ్?"

"తొక్కు అన్న."

"ఎవరిని?"

బక్కయ్య ఆలోచించాడు. నిజం తప్ప ఇంకేమీ దొరకలేదు. "బిరేకు మీద కాలు మీదే ఉండె గద."

గేటు దగ్గర ఎవరో ముక్కుతో నవ్వారు. దొర ముఖం కందింది. కొట్టబోతాడనుకున్నారంతా. అతను చేయి ఎత్తలేదు, గొంతూ ఎత్తలేదు. "రేపు క్యాంపుకు పోతున్న," అన్నాడు. "సంఘపోళ్ళెవరని అడుగుతరు. నీ పేరు నా నోట్లనే ఉంటది."

గుర్వమ్మ ఆ సాయంత్రం ఏడ్చింది. ముందు కాలి గాయానికి పసుపు పెట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత తిట్టింది. "తొక్కుండ్రి అంటె ఏం పోయె? 'ండ్రి' అనేటంత జాగ లేకపాయెనా నోట్ల?"

"కాలు పొయ్యేది."

"పోతె పోనీ," అని, అన్నందుకు మళ్ళీ ఏడ్చింది.

దొర తెల్లవారి వెళ్ళాడు. ఐదు చక్రాల్లో ఒక్కటీ చప్పుడు చేయలేదు. బక్కయ్య పాకలో కూర్చుని విన్నాడు. తాను బిగించిన చక్రాలే తన పేరు మోసుకుపోతున్నాయని తెలుసు, అయినా అవి అంత సాఫీగా పోతుంటే సంతోషం కలిగింది. తన బుద్ధిని తానే తిట్టుకున్నాడు. గుర్వమ్మ నాలుగు రొట్టెలు, ఉల్లిగడ్డ, ఒక పంచె మూటగట్టి తలుపు పక్కన పెట్టింది. అడవికి పొమ్మని ఆమె అడగలేదు, పోతానని అతను అనలేదు. పోతే పాకకు నిప్పు పెడతారు, ఆమెను పట్టుకుపోతారు. అతను బండి చక్రానికి మిగిలిన ఆకులు చెక్కాడు. రోజంతా కారు రాలేదు.

ఆ మరుసటి రోజు పొద్దెక్కాక వచ్చింది. ఎర్ర కారు ముందు, మిలిట్రీ జీపు వెనక. రెండూ వడ్ల పాక ముందే ఆగాయి. ఎవరూ పిలవకుండానే ఊరు కదిలి వచ్చింది. గుర్వమ్మ మూట చేతిలోకి తీసుకుంది.

జీపులోంచి ఆఫీసరు దిగాడు. పొడుగాటి మనిషి, ఎక్కడో ఉత్తరాది వాడు. కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. అతని పక్కన తెలుగు తెలిసిన జమేదారు ఒకడు ఉన్నాడు, ఇటు మాట అటు చెప్పడానికి.

"వీడేనా?" అన్నాడు జమేదారు.

"వీడే," అన్నాడు దొర.

ఆఫీసరు పాకలోకి తొంగి చూశాడు. బాడిసెలు, ఉలులు, సగం చెక్కిన చక్రం. హిందీలో ఏదో అడిగాడు.

"తుపాకులు దాచిండా అంటున్నరు," అన్నాడు జమేదారు.

"లేదు," అన్నాడు దొర.

"అడవిల దళానికి బువ్వ పెట్టిండా?"

"నేను చూడలేదు."

"మీ మీద చెయ్యేసిండా?"

"వాని తరమా!"

"పని చెయ్యనన్నడా?"

"చేసిండు. గిర్రలు మార్చిండు."

ఆఫీసరుకు విసుగు వచ్చింది. జమేదారు దాన్ని కొంచెం మర్యాదగా మార్చి చెప్పాడు. "మరి వీడు మిమ్మల్ని ఏం చేసిండో జర చెప్పుండ్రి. రాసుకోవాలె గద."

దొర నోరు తెరిచాడు. చుట్టూ ఊరుంది. నర్సింగమ్మ ఉంది, గాలయ్య ఉన్నాడు, గేటు దగ్గర నవ్విన ముక్కు ఎవరిదో అదీ ఉంది. వీడు నాతో తొక్కు అన్నాడు అని చెప్పాలి. మరి మీరేం చేశారు అని వాళ్ళు అడుగుతారు. తొక్కినాను అని చెప్పాలి. ఆ మాట హిందీలోకి వెళ్తుంది, క్యాంపుకు వెళ్తుంది, పట్నంలో తన స్నేహితుల దాకా వెళ్తుంది. దొర పెదవులు ఒకటి రెండు సార్లు కదిలాయి. బక్కయ్యకు ఆ క్షణంలో అతని మీద జాలి కలిగింది. చెప్పబోయి చెప్పలేకపోవడం ఎట్లా ఉంటుందో మొన్ననే అతను చవిచూశాడు.

"గిర్రలు," అన్నాడు దొర. ఆగాడు. "మంచిగ బిగించిండు."

జమేదారు ఆ మాట హిందీలో చెప్పాడు. ఆఫీసరు దొర వైపు ఒక చూపు చూసి, జీపెక్కాడు. ఇంత దూరం దీనికా లాక్కొచ్చావు అన్నట్టుంది ఆ చూపు. జీపు వచ్చిన దారినే పోయింది. పక్క ఊరివాళ్ళకు ఈ అదృష్టం పట్టలేదని ఊళ్ళో అందరికీ గుర్తుంది, అందుకే ఎవరూ కేరింతలు కొట్టలేదు. గుర్వమ్మ మూట విప్పి ఒక రొట్టె తుంచి మొగుడి నోట్లో కుక్కింది, నలుగురూ చూస్తున్నా లెక్కచేయలేదు.

దొర కారు తిప్పుకుని గడీకి పోయాడు. జనం కూడా దూరంగా అటే నడిచారు, పని ఉన్నట్టు నటించడం మానేసి. గేటు మూసి ఉంది. గాలయ్య జనంలోనే ఉన్నాడు. దొర హారను కొట్టాడు. తల తిప్పి గాలయ్యను చూశాడు.

"గాలిగా! గేటు తియ్యి!"

పుట్టినప్పటినుంచీ గడీ అన్నం తిన్న మనిషి గాలయ్య. సంఘం ఒట్టు నాడు కూడా చావడి వైపు రాలేదు. అతను తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, గేటు దాకా నడిచి, గడియ మీద చేయి వేశాడు. ముందు ఏ మాట వస్తుందా అని అందరూ చెవి ఒగ్గారు.

"తీస్తున్న," అన్నాడు గాలయ్య.

అంతే అన్నాడు.